టేపక్క కొన్న జాకీ

ఆ వీధిలో ఆమె అసలు పేరు పోస్టుమ్యానుకు తప్ప ఎవరికీ తెలియదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపక్కే. కూరలకు వెళ్లినా ఆ టేపు మెడలోనే ఉంటుంది. ఓ పెళ్లిలో దాన్ని తీయడం మరిచిపోయి గ్రూపు ఫోటోలో నిలబడింది. ఆ ఫోటో ఇప్పటికీ చుట్టాలందరి ఇళ్లలోనూ ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ముందుగదిలో మిషను పెట్టుకుని ఆస్పత్రి కోట్లు, బడి యూనిఫారాలు, ఫ్యాక్టరీ ఓవరాల్సు కుడుతోంది. ఆమె కుట్టిన బట్టకు రంగు పోతుంది, బొత్తాలు ఊడతాయి, ఒక్కోసారి తొడుక్కున్న మనిషికి ఉద్యోగమే ఊడుతుంది, కుట్టు మాత్రం ఊడదు. ఈ మాట ఆమె స్వయంగా చెప్పుకునేదే అయినా, అబద్ధమని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఆమె భర్తను అందరూ మేస్త్రీ అంటారు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే గ్యారేజీలో పనిచేశాడు. కారు వీధి మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని దానికేం జబ్బో చెప్పే మనిషి. మాట తక్కువ. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటి రోజు ఒకటే పాఠం చెప్పేవాడు: "జాకీ ఎత్తడానికే. మోయడానికి స్టాండ్లున్నాయి. స్టాండ్లు పెట్టకుండా కారు కింద తల పెట్టావో, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆ పాఠం చెప్పిన మనిషే రెండేళ్ల కిందట ఓ సాయంత్రం, ఐదు నిమిషాల పనే కదా అని, స్టాండ్లు పెట్టకుండా కారు కింద దూరాడు. తక్కినవాళ్లు టీ తాగడానికి వెళ్లారు. జాకీ లోపల నూనెను పట్టి ఉంచే రబ్బరు సీలు అరిగిపోయి ఉంది. నూనె మెల్లగా వెనక్కి జారి, కారు చప్పుడు చేయకుండా దిగడం మొదలుపెట్టింది. దభీమని పడి ఉంటే సంగతి వేరు. ఇది అతని కళ్లెదుటే, తాపీగా, కాస్త కాస్తగా దిగింది. బోల్టు మీదే ధ్యాస ఉండి, గమనించి పక్కకు దొర్లేలోపే ఇంజను అడుగున ఉండే నూనె చాంబరు వచ్చి ఛాతీ మీద ఆనింది. అంతకుముందు విప్పి పడేసిన చక్రం కారు అంచు కింద ఉండిపోబట్టి అక్కడితో ఆగింది. ఊపిరి తీయడానికి జాగా ఉంది, అరవడానికి లేదు. టీకి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి కారు ఎత్తేసరికి పదకొండు నిమిషాలైంది. పనికి ముందు తీసి నేల మీద పెట్టుకున్న చేతిగడియారం తలపక్కనే ఉంది. ఆ పదకొండు నిమిషాలూ అతను దాన్నే చూస్తూ పడుకున్నాడు.

ఒంటి మీద ఒక్క గీత పడలేదు. "గండం గడిచింది, అదృష్టవంతుడివి" అన్నారు అందరూ. ఆ అదృష్టం ఏపాటిదో టేపక్కకు తెలుసు. మర్నాడు గ్యారేజీకి వెళ్లాడు, కారు పక్కన వంగబోయాడు, ఒళ్లంతా చెమటలు పట్టి లేచి నిలబడిపోయాడు. మూడోరోజు తన పనిముట్లన్నీ అక్కడే ఇచ్చేసి ఉత్తచేతులతో ఇంటికొచ్చాడు. భయం సగం, సిగ్గు సగం. నలుగురికీ నేర్పిన పాఠం తనే తప్పానన్న సిగ్గు. ఇప్పుడు ఓ ఆస్పత్రి పార్కింగులో గూటిలో కూర్చుని టోకెన్లు చింపి ఇస్తున్నాడు. రోజంతా కార్ల మధ్యనే ఉంటాడు, ఒక్కదాన్నీ ముట్టుకోనక్కర్లేదు.

ఇంటి పక్కన రేకుల షెడ్డులో అతని సొంత కారు ఉంది. తుక్కు కింద పడి ఉన్నదాన్ని తెచ్చి, ఆరేళ్లపాటు సెలవు రోజుల్లో ఒక్కో బోల్టూ విప్పి, తుడిచి, బిగించి దానికి ప్రాణం పోశాడు. కూతురు డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదే. అలాంటిది ఇప్పుడు గేటు దాకా వెళ్లాలంటే షెడ్డు వైపు చూడకుండా, గోడ వారగా, ముఖం తిప్పుకుని వెళ్తాడు. సొంత ఇంట్లో దొంగలా నడిచే ఆ నడక చూసినప్పుడల్లా టేపక్క మిషను ఇంకా జోరుగా తొక్కేది.

కూతురు ఊరి అవతలి చివర నర్సుగా పనిచేస్తోంది. ప్రతి ఆదివారం వచ్చి, టైర్లలో గాలి చూసి, ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి వెళ్తుంది. ఓ ఆదివారం చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఇంజను ఆయిలు తారులా అయిపోయింది. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే పట్టేస్తుంది. పాత సామాన్లు కొనే ఆయన్ని వచ్చే ఆదివారం రమ్మన్నాను. ఇచ్చేద్దాం."

"మీ నాన్నను అడిగావా?"

"అడిగాను. ఇచ్చేయండి అన్నారు. ఆయన దాన్ని చూడలేకపోతున్నారమ్మా. కళ్లెదుట లేకపోతే మనసు కుదుటపడుతుంది."

కూతురి మాటలో ప్రేమ తప్ప మరోటి లేదు. కానీ టేపక్క లెక్క వేరు. ఆ కారు ఇంట్లో ఉన్నంతకాలం మేస్త్రీ ఇంకా మేస్త్రీయే, సెలవులో ఉన్నాడంతే. అది గేటు దాటిందంటే ఇక ఈ జన్మకు ఆయన టోకెన్లాయనే. ఆ మాట పైకి అంటే ఏడుపొస్తుందని తెలిసి, తోముతున్న గిన్నెను మరోసారి తోమింది.

"ఆయిలు మారిస్తే ఉంచుతావా?"

"ఎవరు మారుస్తారు?"

"నేను."

కూతురికి నవ్వాగలేదు. "నీకు సీటు బెల్టు పెట్టుకోవడమే రాదు కదమ్మా. పోనీ బయటి మెకానిక్కును పిలుద్దామా? అరగంట పని."

"పరాయి చెయ్యి పడ్డాక మీ నాన్న చెయ్యి ఇక దాని మీద పడదు. ఆ పాత సామాన్లాయన్ని మధ్యాహ్నం పన్నెండింటికి రమ్మను. ఆలోపు ఆయిలు మారిందా, కారు ఉంటుంది. మారలేదా, నేనే గేటు తీస్తాను."

పట్టిన పట్టు విడిచే మనిషి కాదని ఇరవై ఆరేళ్లుగా చూస్తున్న కూతురు సరేనంది. పోతూ పోతూ ఒక మాట మాత్రం అంది: "నాన్న మీద ఒత్తిడి పెట్టకు." టేపక్క తలూపింది. ఆ తలూపడాన్ని నమ్మకూడదని కూడా కూతురికి తెలుసు.

మర్నాడు భోజనం దగ్గర మెల్లగా కదిపింది. "ఏమండీ, ఇంట్లో పనికి ఏ జాకీ మంచిది?"

మేస్త్రీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏ జాకీ మంచిది కాదు," అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. సరే, అయితే నేనే చూసుకుంటానని టేపక్క ఖాళీ కుర్చీకి చెప్పి, ఆ కంచం మీద మూత పెట్టింది.

మంగళవారం అతను పార్కింగుకు వెళ్లాక షెడ్డులో కారు ముందు చతికిలబడి మెడలోంచి టేపు తీసింది. ఇన్నేళ్లు భర్త మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి కాబట్టి, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం కింద జాకీ పెట్టాలని తెలుసు. నేల నుంచి దూలానికి ఆరుంపావు అంగుళాలు. కొలతల పుస్తకంలో ఆస్పత్రి ఆయా కోటుకూ, బడి పిల్లల నిక్కర్లకూ మధ్య కొత్త పేజీ తీసి రాసింది. పేరు: కారు, మా ఇంటిది. కింద ఎత్తు: ఆరుంపావు. మిగతా వాళ్లకు రాసినట్టే అలవాటుగా నడుము అని కూడా రాసి, కొట్టేసింది.

పనిముట్ల కొట్టు బజారు చివర ఉంది. గుమ్మం నుంచి వెనకగోడ దాకా సుత్తులు, గొలుసులు, రంగు డబ్బాలు. యజమాని అరవై దాటిన మనిషి, తెల్లమీసాలు, ముక్కు చివర కళ్లద్దాలు. జాకీ అనగానే కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఎవరికి చెల్లెమ్మా?"

"నాకే అన్నయ్యా."

ఆయన ఎర్రటి ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న చిన్న ట్రాలీ జాకీని తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రెండు టన్నులు ఎత్తుతుంది. చిన్న కారైతే టన్ను దాటదు. ఒంటి చేత్తో పట్టుకుపోవచ్చు. ఆడవాళ్లకు హాయి."

"దీన్ని తిరగెయ్యండి."

"తిరగెయ్యడమేంటి?"

"బట్టను పైనుంచి చూసి కొనకూడదన్నయ్యా. లోపలి కుట్టు చూడాలి."

కొట్టాయన జన్మలో జాకీని ఎవరూ తిరగెయ్యమనలేదు. తిరగేశాడు. పైన ఎర్రరంగు నిగనిగలాడుతోంది గానీ, అడుగున వెల్డింగు ఒకచోట ముద్దగా, ఒకచోట పల్చగా, మధ్యమధ్య ఖాళీలతో ఉంది. టేపక్క దాని వెంట వేలు పోనిచ్చి పెదవి విరిచింది. "ఇది పని నేర్చుకునేవాళ్లు వేసే కుట్టు. నాలుగు ఉతుకులకు విడిపోతుంది. ఈ పెట్టె అడుగున నూనె మరకేంటి? ఇంకా ఎవరూ వాడని సరుక్కి మరక ఎలా పడింది?"

"దారిలో కుదుపులకి కాస్త..." అని కొట్టాయన నీళ్లు నమిలాడు.

రెండోది నల్లది, కాస్త పెద్దది. అడుగున కుట్టు బాగానే ఉంది. పూర్తిగా దించి కొలిస్తే ఐదుంముప్పావు. ఆరుంపావు సందులో అర అంగుళం లూజుతో దూరుతుంది. టేపక్కకు నచ్చింది. కానీ నచ్చిన బట్టను కూడా నీళ్లలో తడిపి చూడనిదే కత్తెర పెట్టే మనిషి కాదు.

"దీంతో ఏదైనా ఎత్తి చూపించండి."

కొట్టు వెనక సందులో సరుకు వేసే వ్యాను ఉంది. కొట్టాయన మొహమాటపడుతూనే దాని ముందుభాగం ఎత్తాడు. టేపక్క టేపు కొసను నేలకు గోరంత ఎత్తులో వేలాడేలా చూసి, పైభాగాన్ని వ్యాను బంపరుకు క్లిప్పుతో బిగించింది. తర్వాత ఖాళీ రంగు డబ్బా బోర్లించుకుని కూర్చుని, సంచిలోంచి ఆస్పత్రి కోట్లు తీసి బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు చెల్లెమ్మా?"

"ఒక గంట."

కొట్టాయన లోపలికీ బయటికీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నాలుగో కోటుకు బొత్తాలు పూర్తయి ఐదోదానికి దారం ఎక్కిస్తుండగా టేపు కొస నేలను తాకి, చిన్నగా మడత పడింది.

"దిగింది," అంది టేపక్క.

"గోరంత దిగితే దిగిందంటావా? గంటసేపు బండిని జాకీ మీద ఎవరుంచుతారు? ఎత్తగానే స్టాండ్లు పెట్టెయ్యాలి కదా."

"మా ఆయనా అందరికీ అదే చెప్పేవాడు." సూదిని గుడ్డకు గుచ్చి తలెత్తింది. "పదకొండు నిమిషాలు కారు కింద ఉండిపోయాడన్నయ్యా. అది కూడా గోరంత గోరంతే దిగింది."

కొట్టాయన కళ్లద్దాలు తీశాడు. "మేస్త్రీ భార్యవా నువ్వు?" అని, సమాధానం కోసం ఆగకుండానే అన్నాడు. "ముప్పై ఏళ్లు నా కొట్టుకు వచ్చాడు. ఎప్పుడూ ఒక్క సరుకూ వెనక్కి తెచ్చింది లేదు. ఆ గండం సంగతి విన్నాను, ఆనాటి నుంచి ఇటు గుమ్మం తొక్కలేదు." వ్యానును దించేసి, నల్ల జాకీని కాలితో పక్కకు నెట్టి లోపలికి వెళ్లాడు. గోదాములోంచి ఇనుము నేల మీద ఈడ్చే చప్పుడు వచ్చింది.

మూడో జాకీకి పెట్టె లేదు, మెరుపు లేదు. బూడిదరంగు, వెడల్పాటి ఇనుప చక్రాలు. తిరగెయ్యడానికి టేపక్క కూడా ఓ చెయ్యి వేయాల్సి వచ్చింది. "చూడ్డానికి బాగుండదు, మోయలేక ఎవరూ కొనరు," అన్నాడు కొట్టాయన ఆయాసపడుతూ. టేపక్క అడుగు చూసింది. వెల్డింగు ఒకే వెడల్పున, దగ్గరదగ్గరగా, మూల తిరిగినచోట ఇంకో వరసతో సాగింది. చెయ్యి కుదిరినవాడు వేసిన కుట్టు. దించి కొలిస్తే ఇదీ ఐదుంముప్పావే.

మళ్లీ వ్యాను లేచింది. లేస్తున్నప్పుడు జాకీ తనంతట తానే రెండంగుళాలు ముందుకు కదిలింది. టేపక్క ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇది నడుస్తోందేంటి?"

"నడవాలి. దీని చెయ్యి గుండ్రంగా లేస్తుంది. చక్రాలు తిరక్కపోతే బండినే పక్కకు లాగుతుంది. అందుకే కింద ఇసుక, రాళ్లు లేకుండా ఊడ్చుకోవాలి."

ఈసారి కొట్టాయన కూడా ఇంకో డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. గంట అయింది. మరో అరగంట కూడా అయింది. కోట్లన్నింటికీ బొత్తాలు పూర్తయ్యాయి, టేపు కొస మాత్రం నేలకు గోరంత ఎత్తులో ఎక్కడిది అక్కడే ఉంది. ఆ ఒకటిన్నర గంటలో ఇద్దరు కొనుగోలుదారులు వచ్చి, యజమాని వెనకసందులో టేపు కొస చూస్తూ కూర్చోవడం చూసి, పలకరించకుండానే వెళ్లిపోయారు. స్టాండ్ల సంగతి ఆయన చెప్పనక్కర్లేదు, ఈమె అడగనక్కర్లేదు. రెండు జతగా పక్కన వచ్చి చేరాయి, వాటితో ఒక పానా, ఆయిలు డబ్బా, తొట్టి కూడా. అదే వ్యానులో అన్నీ తెచ్చి షెడ్డులో దింపాడు. మేస్త్రీకి తన నమస్కారం చెప్పమన్నాడు.

సాయంత్రం మేస్త్రీ గేటు తీసి, షెడ్డు గుమ్మంలోనే ఉన్న జాకీని చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"ఎందుకు తెచ్చావు దీన్ని?"

"ఆయిలు మార్చడానికి."

"ఎవరు?"

"నేను."

అతను ముఖం తిప్పుకున్నాడు. గోడ వారగా నడిచి లోపలికి వెళ్లిపోయాడు. బుధ, గురువారాల్లో ఆ ఊసే లేదు. టేపక్కకు దిగులు పట్టుకుంది. అనవసరంగా పుండు మీద కారం చల్లానా అని మిషను తొక్కుతూ మథనపడింది. కానీ శుక్రవారం పొద్దున షెడ్డులోకి వెళ్లి చూస్తే జాకీ తిరగబడి ఉంది. ఎవరో దాని అడుగు చూశారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే మనుషులు, తను మాత్రం తిరగెయ్యలేదు. ఆ రోజు ఆమె కుట్టిన యూనిఫారాలకు ఖాజాలు ఒకటికి రెండుగా పడ్డాయి, అయినా విసుక్కోలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తలుపు వెనక తగిలించి ఉన్న మేస్త్రీ పాత ఓవరాల్ తీసింది. అది ఆమె కుట్టినదే. తనకు చాలా పెద్దదవుతుంది కాబట్టి ముందురోజే నడుము దగ్గర, చేతుల దగ్గర, కాళ్ల దగ్గర మడిచి వదులుగా టాకాలు వేసుకుంది. కత్తెర పెట్టలేదు. దాన్ని మామూలు బట్టల మీదే తొడుక్కుని, నడుం మీద చేతులు పెట్టుకుని షెడ్డు మధ్యలో నిలబడింది. నేల ఊడ్చి ఉంది, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి ఉన్నాయి. మేస్త్రీ వరండాలో పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడని అనుకోవాలి, అరగంటగా పేజీ తిప్పలేదు.

జాకీని కారు ముందుకు తోసింది. అది దూరలేదు. దూలానికి తగిలి టంగుమంది. ఇంకాస్త పక్కగా తోసింది, మళ్లీ టంగుమంది. వంగి చూస్తే ముందు కుడి టైరు పూర్తిగా చదునై నేలకు అంటుకుపోయి ఉంది. టేపు పెట్టి కొలిచింది. ఆరుంపావు ఉండాల్సిన సందు ఇప్పుడు ఐదుకు పైన ఒక్క గీత. అంత వెతికి, గంటలు గంటలు కూర్చుని తెచ్చిన జాకీ అక్కరకు రాకుండా బయటే నిలబడింది. ఇరవై ఎనిమిదేళ్లలో కొలత ఇలా తప్పింది లేదు. గడియారం పది దాటింది. పన్నెండుకు బండి వస్తుంది, తనే గేటు తీయాలి. టేపక్క అక్కడే నేల మీద కూలబడి, ఓవరాల్ చేతితో కళ్లు తుడుచుకుంది.

"టైర్లలో నిండా గాలి ఉన్నప్పుడు కొలిచావా?"

పేపరు వెనక నుంచి వచ్చింది ఆ మాట.

"మంగళవారం కొలిచాను," అంది ముక్కు ఎగబీలుస్తూ.

"నిలబడితే ఒక కొలత, కూర్చుంటే ఒక కొలత అని నలుగురికీ చెప్తావుగా. ఇప్పుడది కూర్చుంది."

ఆ మాట నిజమే. మనుషులందరినీ నిలబెట్టీ కూర్చోబెట్టీ కొలిచే ఆమె, కారు కూర్చుంటుందని అనుకోలేదు. పైగా జాకీ అవసరమయ్యేది ఎక్కువగా అది కూర్చున్నప్పుడే. సిగ్గుతో చెవులు వేడెక్కినా, రెండేళ్ల తర్వాత ఆయన నోటి వెంట కారు మాట రావడం విని ఏడుపు ఆగిపోయింది.

"గాలి కొడితే లేస్తుందా?"

"లేవదు. వాల్వు మొదట్లో రబ్బరు పగిలి ఉంటుంది. కొట్టిందంతా బయటికే." పేపరు కొంచెం కిందికి దిగింది. "రెండంగుళాల చెక్క ఉంటే, దాని మీదికి చక్రం ఎక్కించాలి. ఒక్క అడుగు ముందుకు నడిపితే చాలు."

చెక్క ఉంది. మిషను పెడలు అందడం లేదని పెళ్లైన కొత్తలో మేస్త్రీయే చేసిచ్చాడు, ఆమె కాళ్లను కొలిచి. వేళ్లకు తగలకుండా అంచు కూడా ఏటవాలుగా చెక్కాడు. టేపక్క పరుగున వెళ్లి దాన్ని తెచ్చి టైరు ముందు పెట్టింది. అంచు సరిగ్గా టైరు కింద కుదిరింది. ఇక నడపాలి. ఆమెకు డ్రైవింగు రాదు, కూతురు వచ్చేది పన్నెండింటికి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె తాళంచెవి బానెట్టు మీద పెట్టి, జాకీనీ, వెనక చక్రాల ఇటుకలనూ తీసి పక్కకు జరిగింది. బతిమాలలేదు.

పేపరు మడిచిన చప్పుడైంది. మేస్త్రీ వరండా మెట్లు దిగి, గోడ వారగా కాకుండా షెడ్డు వైపే ముఖం పెట్టి నడిచి వచ్చాడు. తలుపు తీసుకుని కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు వేసి చాలాసేపు ఊరికే ఉన్నాడు. టేపక్క అతని ముఖం చూడకుండా చెక్కనే చూస్తూ నిలబడింది. ఇంజను లేచింది. కారు మూలుగుతూ ఒక్క అడుగు ముందుకు వచ్చి, చెక్క ఎక్కి ఆగింది. హ్యాండు బ్రేకు లాగి దిగినప్పుడు అతని చొక్కా వీపంతా తడిసిపోయింది.

ఇటుకలు మళ్లీ వెనక చక్రాల వెనక చేరాయి. ఈసారి జాకీ దూలం కిందికి సాఫీగా వెళ్లింది. ఆమె జాకీ పిడిని పైకీ కిందికీ కొడుతుంటే కారు ముందుభాగం కొంచెం కొంచెంగా లేచింది. మేస్త్రీ నాలుగడుగుల దూరంలో నిలబడి, రెండేళ్లు దాచుకున్న మాటలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీస్తున్నాడు. "ఆ స్టాండు ఇంకా లోపలికి. అంచు మీద కాదు, మందంగా ఉన్నచోట. పిన్ను పూర్తిగా దూరిందా? చేత్తో లాగి చూడు. ఇప్పుడు జాకీ మెల్లగా వదులు. స్టాండ్ల మీద కూర్చున్నాక జాకీని తీసెయ్యకు, కింద అలాగే ఉంచు." ఆమె చెప్పిందల్లా చేసి, బంపరుకు టేపు వేలాడదీసింది. కొస నేలకు గోరంత ఎత్తులో నిలిచింది.

తర్వాత అట్టముక్క పరిచి, పానా తీసుకుని, వెల్లకిలా పడుకుంది.

"ఎక్కడికి?"

"కిందికి. చాంబరు బోల్టు విప్పాలి కదా."

"లే."

"మరి ఎవరు విప్పుతారు?"

ఆమె కాళ్లతో నేలను తన్నుకుంటూ లోపలికి జరిగింది. తల వెళ్లింది, భుజాలు వెళ్లాయి. ఆ చాంబరు కింద తను పడుకోవడం కన్నా ఘోరం ఈ లోకంలో లేదని మేస్త్రీ రెండేళ్లుగా అనుకుంటున్నాడు. ఉందని ఆ క్షణంలో తెలిసింది. ఇనుము కింద ఆమె ముఖం కనబడకుండా పోవడం అంతకన్నా ఘోరం. మోకాళ్ల మీద కూలబడి ఆమె చీలమండ పట్టుకుని బయటికి లాగేశాడు.

"ఆ ఓవరాల్ ఇటివ్వు," అన్నాడు.

ఆమె విప్పి, టాకా దారం కొస పట్టుకుని లాగింది. నడుము దగ్గర ఒక్క లాగు, చేతుల దగ్గర చెరొకటి, కాళ్ల దగ్గర చెరొకటి. మడతలన్నీ జారిపోయి మళ్లీ అతని కొలతకు వచ్చేసింది. అతను తొడుక్కుని, చేతిగడియారం తీశాడు. నేల మీద పెట్టబోయి ఆగి, ఆమె చేతిలో పెట్టాడు.

"నేను కింద ఉన్నంతసేపూ ఎటూ వెళ్లకు."

"టేపే చూస్తూ ఉంటాను. గోరంత దిగినా చెప్తాను."

"స్టాండ్లున్నాయి. దిగదు," అన్నాడు. అది ఆమెకు చెప్పాడో తనకే చెప్పుకున్నాడో తెలియదు. తర్వాత పడుకుని లోపలికి జరిగాడు.

మొదటి రెండు నిమిషాలు కింద నుంచి గట్టిగా ఊపిరి తీసే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. టేపక్క ఒక కంట గడియారాన్ని, ఒక కంట టేపు కొసను చూస్తూ మోకాళ్ల మీద కూర్చుంది. నాలుగో నిమిషంలో పానా బోల్టుకు తగిలిన చప్పుడైంది. ఏడో నిమిషంలో నల్లటి నూనె సన్నగా తొట్టిలోకి కారడం మొదలైంది. తొమ్మిది. పది. పదకొండో నిమిషం రాగానే కింద కదలిక ఆగిపోయింది. ఆమె టేపు మీంచి చూపు తిప్పలేదు.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. అనుకున్నదానికన్నా కాస్త ముందే కూతురు వచ్చింది, వెనకే పాత సామాన్లాయన. కూతురు రెండడుగులు వేసి, కారు కింద నుంచి బయటికి వచ్చి ఉన్న తండ్రి కాళ్లు చూసి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

"మాట్లాడకు," అంది టేపక్క తల తిప్పకుండా. "దిగలేదు. పన్నెండో నిమిషం నడుస్తోంది."

పదకొండు అంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసు. ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. పాత సామాన్లాయనకు ఇవేవీ తెలియవు. కాసేపు చూసి, తాడు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని అడిగాడు.

"ఈ బండేనా అమ్మా తీసుకుపోవాల్సింది?"

కారు కింద పానా మళ్లీ కదిలింది.

"ఏ బండి?" అన్నాడు మేస్త్రీ కింద నుంచే. "నాకిక్కడ ఇంకా చాలా పని ఉంది."